గాలానికి లైసెన్సెందుకండీ?

కెనడాలో కొత్తగా దిగిన తెలుగువాళ్లకి బేస్‌మెంట్ ఎక్కడ దొరుకుతుందో, కారు ఎవరి దగ్గర కొనాలో, ఏ కొట్లో గోంగూర బాగుంటుందో చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. చేపలు పట్టే విషయంలో మాత్రం అన్నీ ఒకచోట చేర్చి చెప్పే పెద్దదిక్కు లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం. ఇందులోని సలహాలేవీ నా సొంతం కావు. బ్రాంప్టన్, మిస్సిసాగా పాట్‌లక్ విందుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అనుభవజ్ఞులు అడక్కుండానే పంచిపెట్టినవి. నేను ఒకచోట చేర్చానంతే. పాటిస్తే ఏమవుతుందో కూడా పక్కనే రాశాను, రేపు నన్ను అనకూడదు కదా.

అన్నిటికన్నా గొప్ప సలహా: లైసెన్సు జోలికే పోకండి. దేవుడిచ్చిన నీళ్లు, దేవుడిచ్చిన చేపలు, మధ్యలో ప్రభుత్వమెవరు? మన ఊళ్లో కాలవ గట్టున బెండు కట్టిన గాలం వేసుకుని కూర్చుంటే ఎవడైనా వచ్చి కార్డు చూపించమన్నాడా? (నిజానికి మన దగ్గర కూడా చెరువులో చేపలు పట్టుకున్నవాడివి కావు. మత్స్యకార సహకార సంఘానివో, వేలంలో పాడుకున్నవాడివో అయి ఉంటాయి. రాత్రిపూట అందులో వల వేసి దొరికిపోతే ఏమవుతుందో ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఈ సంగతి వాదనలో ఎత్తకండి, బలం తగ్గుతుంది.)

ఒంటారియోలో వచ్చి అడిగే మనిషి పేరు కన్జర్వేషన్ ఆఫీసరు. అతను పోలీసు కాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదని ఒక పెద్దాయన నాతో గట్టిగా వాదించారు. ఆ పోలీసు కాని మనిషి మీ కూలర్ మూత తీయించగలడు, పడవ ఆపగలడు, గాలాన్నీ రీలునీ పట్టుకుపోగలడు, అవసరమైతే కారు కూడా. ఒంటారియోలో 1997 నాటి చేపల, వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద గరిష్ఠ జరిమానా 25,000 డాలర్లు, జైలు ఏడాది దాకా. పట్టినవి అమ్ముకుంటూ దొరికితే లక్ష డాలర్లు, రెండేళ్లు. మామూలుగా అంత వెయ్యరు, నిజమే. కానీ ఎంత వేసినా లైసెన్సు ఖరీదు కన్నా ఎక్కువే ఉంటుంది.

చరిత్ర మన వైపే ఉందని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. పూర్వం ఒంటారియో సరస్సులో అట్లాంటిక్ సాల్మన్ లెక్కలేనన్ని ఉండేవట, అప్పుడెవరు లైసెన్సులు తీసుకున్నారు, హాయిగా తినలేదా అంటారు. తిన్నారు. వాగుల్లోకి ఎదురెక్కి వచ్చే చేపని ఈటెలతో పొడిచి, వలలతో ఊడ్చి తిన్నారు. మరలు తిప్పుకోవడానికి వాగులకి అడ్డంగా ఆనకట్టలు కట్టారు, గట్ల మీద చెట్లు నరికి నీళ్లు వేడెక్కించారు. చేప తగ్గిపోతోందని 1860ల్లోనే గమనించిన శామ్యూల్ విల్మాట్ అనే ఆయన న్యూకాజిల్‌లో తన పొలం పక్క వాగు మీద హేచరీ పెట్టి పిల్లల్ని పొదిగించాడు. అయినా నిలబడలేదు. 1890లు ముగిసేసరికి ఆ సరస్సులో అట్లాంటిక్ సాల్మన్ అన్నదే లేకుండా పోయింది. ఇవాళ సెప్టెంబరులో క్రెడిట్ నదిలో ఎగిరెగిరి పడుతుంటే మనం వీడియోలు తీసే పెద్ద చేప చినూక్ సాల్మన్. పసిఫిక్ తీరం నుంచి తెచ్చి ఇక్కడ వదిలిన జాతి. ఇప్పటికీ ప్రభుత్వం హేచరీల్లో పిల్లల్ని పెంచి వదులుతూనే ఉంది. ఆ ఖర్చులో ఒక వంతు లైసెన్సు డబ్బులోంచే వస్తుంది. ఈ రుసుములు ప్రభుత్వ ఖజానాలో కలిసిపోకుండా చేపల కోసం, వన్యప్రాణుల కోసం పెట్టిన ప్రత్యేక ఖాతాలోకి వెళతాయి. కాబట్టి చరిత్రని సాక్ష్యానికి పిలిచేవాళ్లు దాన్ని సగంలో ఆపెయ్యాలి.

ఇక డబ్బు సంగతి. అసలు గొడవంతా ఇక్కడే. కెనడా మొత్తానికి పనికొచ్చే లైసెన్సు లేదు, ఏ ప్రావిన్సు లెక్క ఆ ప్రావిన్సుదే. ఒంటారియోలో 18 నుంచి 64 ఏళ్ల లోపు వాళ్లకి రెండు కావాలి. ఒకటి అవుట్‌డోర్స్ కార్డు, 8 డాలర్ల 57 సెంట్లు, మూడేళ్లు చెల్లుతుంది. రెండోది అసలు లైసెన్సు. ఇందులో రెండు రకాలు: పూర్తి పరిమితి ఇచ్చే స్పోర్ట్ లైసెన్సు ఏడాదికి 26 డాలర్ల 57 సెంట్లు, తక్కువ పరిమితి ఉండే కన్జర్వేషన్ లైసెన్సు 15 డాలర్ల 7 సెంట్లు. ఇవి కాక, అవుట్‌డోర్స్ కార్డుతో పనిలేకుండా ఒక్క రోజుకి మాత్రం తీసుకునేది 12 డాలర్ల 21 సెంట్లు. పన్ను అదనం. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున ఒకసారి చూసుకోవాలి.

ఇక్కడ మన పొదుపరుల సలహా ఏమిటంటే, ఏడాది లైసెన్సు దండగ, వెళ్లిన రోజుకి ఒక రోజుది తీసుకుంటే సరి అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. రెండుసార్లు వెళితే 24 డాలర్ల 42 సెంట్లు. కార్డు, కన్జర్వేషన్ లైసెన్సు కలిపి మొదటి ఏడాదికి 23 డాలర్ల 64 సెంట్లు. అంటే రెండో ఆదివారానికే పొదుపు తలకిందులైంది. మూడోసారి వెళితే 36 డాలర్ల 63 సెంట్లు. ఆ డబ్బుతో కార్డూ, పూర్తి స్పోర్ట్ లైసెన్సూ వచ్చి ఇంకా డాలరున్నర మిగిలేది. ఈ లెక్క ఒకాయనకి కాగితం మీద వేసి చూపిస్తే, “అయితే ఒక్కసారే వెళతాను” అన్నాడు. ఆయన కారులో అప్పటికే రెండు వందల డాలర్ల రాడ్డు, మడత కుర్చీలు, మూడు రకాల ప్లాస్టిక్ ఎరలు, మారినేట్ చేసిన చికెన్ ఉన్నాయి. వీటన్నిటి మధ్య ఆయనకి బరువనిపించింది లైసెన్సొక్కటే.

కన్జర్వేషన్ లైసెన్సు కొని స్పోర్ట్ లైసెన్సుకి తగ్గట్టు పట్టుకోవడం ఇంకొక చిట్కా. ఎవరు లెక్కపెడతారని? లెక్కపెట్టడం ఆ ఆఫీసరు ఉద్యోగమండీ. సిమ్కో సరస్సు ఉన్న 16వ మత్స్య మండలంలో స్పోర్ట్ వాళ్లకి రోజుకి వాలై చేపలు నాలుగు, బాస్ ఆరు, ఎల్లో పర్చ్ యాభై. కన్జర్వేషన్ వాళ్లకి రెండు, రెండు, ఇరవై అయిదు. ప్రావిన్సులో ఇలాంటి మండలాలు ఇరవై ఉన్నాయి, ఒకదాని అంకెలు ఇంకొకదానికి చెల్లవు. నన్నడిగితే ఇంట్లో నలుగురున్నవాళ్లకి రెండు బాస్ చేపలు ఒక పూట పులుసుకి చాలు, తక్కువ ధర లైసెన్సు శుభ్రంగా సరిపోతుంది. 11 డాలర్ల 50 సెంట్లు మిగుల్చుకోండి. కానీ మిగుల్చుకున్నాక ఆ రెండుకే కట్టుబడాలి. పిల్లల పేరు మీద రాసుకోవచ్చు కదా అంటారా? పద్దెనిమిది లోపు వాళ్లకి ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు, వాళ్ల పరిమితి వాళ్లకుంటుంది. అయితే ఆ చేపని పట్టింది ఆ పిల్లే అయి ఉండాలి, వెనక్కి కట్టిన సీట్లో నిద్రపోతున్న ఏడాది పాప కాదు.

ఇప్పుడొచ్చింది చదువుకోవడానికి వచ్చిన పిల్లల వంతు. సెప్టెంబరులో దిగి, అక్టోబరులో అద్దె ఒప్పందం చేతికి రాగానే “నేను ఒంటారియో నివాసినే” అని గడి నింపేయమంటారు సీనియర్లు. ఒంటారియోలో నివాసి అనిపించుకోవాలంటే దరఖాస్తుకి ముందున్న పన్నెండు నెలల్లో వరసగా ఆరు నెలలు ఇక్కడే ఉండాలి, అసలు ఇల్లు కూడా ఇక్కడే అయి ఉండాలి. అప్పటిదాకా కెనడా బయటివాళ్ల ధర పడుతుంది, స్పోర్ట్ లైసెన్సు ఏడాదికి 83 డాలర్ల పైమాటే. కాల్గరీ నుంచి ఉద్యోగం మారి టొరంటో వచ్చినవాళ్లకీ ఆరు నెలలు నిండేదాకా ఇంకో ధర, వేరే ప్రావిన్సుల కెనడా వాళ్లకి వేసేది. అబద్ధం చెప్పి తక్కువ ధరకి కొన్న లైసెన్సు దొరికిపోయిన రోజున లైసెన్సు లేనట్టే లెక్క, పైగా అబద్ధం చెప్పినందుకు ఇంకో కేసు. సెప్టెంబరులో వచ్చిన పిల్లలు మార్చి దాకా ఆగితే సరిపోతుంది. ఎలాగూ ఆ మధ్యలో పరీక్షలు, మంచు, పార్ట్‌టైమ్ షిఫ్టులు ఉంటాయి.

ఇందులో అసలు రసవత్తరమైన ఘట్టం ఇండియా నుంచి వచ్చిన మామగారిది. “మామయ్యగారూ, మీకు అరవై ఎనిమిది కదా, అరవై అయిదు దాటితే ఇక్కడ లైసెన్సక్కర్లేదు. ఇదిగో ఈ రాడ్డు పట్టుకోండి, నా రెండో గాలం మీ పేరున నడుస్తుంది” అంటాడు అల్లుడు. సూపర్ వీసా మీద మొన్ననే తెనాలి నుంచి దిగిన మామగారు మొహమాటానికి పట్టుకుంటారు. ఈ లోపల ఆఫీసరు వచ్చి వయసు రుజువు అడుగుతాడు. మామగారు గర్వంగా పాస్‌పోర్టు తీస్తారు. వయసు బ్రహ్మాండంగా సరిపోతుంది, దేశమే సరిపోదు. ఆ మినహాయింపు కెనడా నివాసులకే. చుట్టపుచూపుగా వచ్చినాయన లైసెన్సు కొనాలి, ఒక రోజుది తీసుకున్నా బయటివాళ్లకి దాదాపు 25 డాలర్లు. పోనీ ఆయన గాలం ముట్టుకోకుండా పక్కన కుర్చీ వేసుకుని “అలా కాదు బాబూ, ఇంకాస్త లోతుకి వదులు” అని చెబుతూ కూర్చోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆ పని ఆయన ఎలాగూ చేస్తారు.

లైసెన్సు లేకుండా పట్టుకోనిచ్చే రోజులు ఏడాదిలో నాలుగుసార్లు ఉంటాయి: ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే వారాంతం, మేలో మదర్స్ డే వారాంతం, జూన్‌లో ఫాదర్స్ డే వారాంతం, జూలై మొదట్లో ఒక వారం. ఆ రోజుల్లో కూలర్లు నింపుకురమ్మని పెద్దల ప్రోత్సాహం. అదీ కెనడా నివాసులకే, గుర్తింపు కార్డు జేబులో ఉండాలి, పరిమితి కన్జర్వేషన్ లైసెన్సుదే. మన తెలంగాణవాళ్లకి ఇంకో చిక్కుంది. మృగశిర కార్తె ప్రవేశించేది జూన్ 7, 8 తేదీల్లో, ఆ రోజు చేప తినకపోతే మనసొప్పదు. దక్షిణ ఒంటారియోలో బాస్ సీజను తెరుచుకునేది జూన్ రెండో సగంలో. అంతకు ముందున్నవి మగ బాస్ గుడ్ల గూడు దగ్గర కాపలా కాసే రోజులు. అది గాలానికి తగిలి పైకొచ్చిందంటే కాసేపట్లోనే చిన్న చేపలు చేరి గుడ్లన్నీ తినేస్తాయి. కార్తె నాడు చేప కావాలంటే బాస్ జోలికి పోకుండా కొట్లో కొనుక్కోండి.

పట్టాక చెయ్యాల్సిన తప్పులు కూడా ఉన్నాయి. మన పద్ధతిలో గట్టు మీదే పొలుసు తీసి, తోలు వలిచి, పులుసు ముక్కలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి కూలర్లో వేసుకోమని ఇంట్లోంచి ఫోన్ వస్తుంది. ఏ జాతి, ఎన్ని చేపలు అన్నది ఆఫీసరు చూసి చెప్పగలిగేలా ఉండాలని నిబంధన. అందుకే ముక్క మీద కొంత తోలు వదిలెయ్యాలి. కవార్తా సరస్సులుండే 17వ మండలంలో వాలై 35 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి. పసుపు పట్టించిన నడుంముక్కని చూసి దాని పొడవు ఎవరు చెప్పగలరు? కాబట్టి పులుసు ముక్కలు ఇంటికొచ్చాక కోసుకోవచ్చు. ఇంకొకటి, రోజూ వెళ్లి పరిమితి మేరకే పట్టి బేస్‌మెంట్‌లో డీప్ ఫ్రీజరు నింపుకునేవాళ్లు చాలా నిజాయితీగా ఉన్నామనుకుంటారు. దగ్గర ఉంచుకునే చేపలకి వేరే పరిమితి ఉంది, ఫ్రీజర్లో గడ్డకట్టినవీ అందులోకే వస్తాయి. పెద్ద చేపే పట్టమని మరో ప్రోత్సాహం. పెద్దదంటే ఎక్కువేళ్లు బతికింది, అంటే ఒంట్లో పాదరసం ఎక్కువ చేరింది. ఏ సరస్సులో ఏ చేప, ఎంత సైజుది, నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ఒంటారియో ప్రభుత్వమే ఉచితంగా పట్టికలు వేసి పెట్టింది, గర్భిణులకీ పిల్లలకీ విడిగా. లైసెన్సు ఖరీదు గురించి గంట మాట్లాడినవాళ్లలో ఒక్కరూ దాన్ని తెరిచి చూసినట్టు నాకు కనిపించలేదు.

క్రెడిట్ నదిలో సాల్మన్ ఎరని పట్టించుకోకపోతే, ఒట్టి కొక్కెం విసిరి ఒంట్లో ఎక్కడో ఒకచోట గుచ్చుకునేలా లాగమని చెప్పే వీరులున్నారు. అలా గుచ్చి పట్టడం నేరం. ఊరి నుంచి తెచ్చిన వల విప్పుదామనుకునేవాళ్లకి కూడా ఇదే మాట, చేప మొప్పలు చిక్కుకునే గిల్ వల వ్యాపార లైసెన్సు ఉన్నవాళ్ల పని. మిగిలిన ఎర చేపల్ని జాలిపడి సరస్సులో వదిలెయ్యకూడదు, ఆ బకెట్టు నీళ్లు గట్టుకి 30 మీటర్ల లోపు పారబొయ్యకూడదు. ఇక ఇక్కడి చేపల్లో రుచి లేదు, ప్రాణంతో ఉన్న కొరమీను ఎక్కడైనా సంపాదించి చెరువులో వదిలితే రెండేళ్లలో మన పంట పండుతుందని ఒక దూరదర్శి సెలవిచ్చారు. కొరమీను తెలంగాణకి రాష్ట్ర చేప. ఒంటారియోకి మాత్రం శత్రువు. ఆ జాతిని ప్రాణంతో దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, కొనడం 2005 నుంచీ నిషేధం. మన చెరువుల్లో పెంచే గడ్డిచేప, వెండిచేప కూడా అదే జాబితాలో ఉన్నాయి. అవి గ్రేట్ లేక్స్‌లో పడ్డాయంటే ఇక తీసెయ్యడం ఎవరి తరమూ కాదు.

లైసెన్సు అస్సలు అక్కర్లేని చోటు కెనడాలో ఉందా అని పట్టువదలని విక్రమార్కులు అడుగుతారు. ఉంది. న్యూఫౌండ్లాండ్ సముద్రతీరంలో, వేసవిలోనూ ఆకురాలు కాలంలోనూ ప్రకటించిన రోజుల్లో, సొంత తిండికోసం కాడ్ చేప పట్టుకోవడానికి లైసెన్సు లేదు. మనిషికి రోజుకి అయిదు, పడవకి పదిహేను మించకూడదు. టొరంటో నుంచి సెయింట్ జాన్స్‌కి విమానం టికెట్టు, అక్కడ గది, పడవ అద్దె పెట్టుకుంటే లైసెన్సు డబ్బులు 26 డాలర్ల 57 సెంట్లు మీకు మిగిలినట్టే. వెళ్లినప్పుడు అక్కడి ముసలివాళ్లని 1992 గురించి అడగండి. ఆ ఏడాది జూలై 2న కేంద్ర మంత్రి జాన్ క్రాస్బీ కాడ్ వేటని నిలిపేస్తున్నట్టు ప్రకటించాడు. దాదాపు అయిదు వందల ఏళ్లు ఓడలకొద్దీ తరలించినా తరగదనుకున్న చేప అది. ముప్ఫై వేల మందికి ఒక్కసారిగా పని పోయింది. రెండేళ్లన్నారు, ముప్ఫై ఏళ్లు దాటింది నిషేధం సడలేసరికి.

పడమటి వైపు వెళ్లేవాళ్లకి సలహాలు క్లుప్తంగా. బ్రిటిష్ కొలంబియాలో ఒక్క లైసెన్సుతో నదీ సముద్రమూ రెండూ చుట్టేయొచ్చంటారు. నదులకీ సరస్సులకీ ఇచ్చేది ప్రావిన్సు, సముద్రానికి ఇచ్చేది కేంద్రం, సముద్రంలో సాల్మన్ పట్టి ఉంచుకోవాలంటే దాని మీద ఇంకో స్టాంపు. ఒడ్డున పీతలు ఏరుకోవడానికీ ఆ సముద్రపు లైసెన్సే కావాలి. కాల్గరీ వాళ్లు అల్బర్టా లైసెన్సు జేబులో పెట్టుకుని ధీమాగా బాన్ఫ్ వెళతారు. జాతీయ ఉద్యానవనాల్లో ప్రావిన్సు లైసెన్సు పనిచెయ్యదు, పార్క్స్ కెనడా అనుమతిపత్రం విడిగా కొనాలి.

చివరికి అన్నీ విఫలమైతే “నేనూ ఇండియన్నే” అనమని ఒక జోకుంది. ఇక్కడి ఆదివాసులకి ఒప్పందాల వల్ల చేపలు పట్టుకునే హక్కులున్నాయి, చట్టం పేరులో ఇప్పటికీ ఇండియన్ అనే ఉంది, ఆఫీసరు తికమకపడతాడట. ఈ జోకు చెప్పి నవ్వేముందు రొనాల్డ్ స్పారో సంగతి తెలుసుకోవాలి. వాంకూవర్ దగ్గరి మస్క్వియం జాతి మనిషి. 1984లో ఫ్రేజర్ నదిలో అనుమతించిన 25 ఫాదమ్‌ల వలకి బదులు 45 ఫాదమ్‌ల వల వేశాడని కేసు పెట్టారు. కెనడాలో తెల్లవాడు కాలుపెట్టక ముందు నుంచీ తమవాళ్లు ఆ నదిలో పట్టుకున్న చేప అది. ఆరేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే 1990లో సుప్రీంకోర్టు ఆ హక్కు బతికే ఉందని తీర్పు చెప్పింది. చేపల సంరక్షణ తర్వాత మొదటి వంతు వాళ్ల తిండి అవసరానిదేనని కూడా చెప్పింది. ఆ హక్కు వెనకాల అంత కథ ఉంది. మన పాస్‌పోర్టు రంగు చూపించి అందులో వాటా అడగడం హాస్యం కాదు, సిగ్గుమాలినతనం.

ఆఖరుగా, ఏటా డిసెంబరులో వినిపించే సలహా: ఇప్పుడు కొనుక్కోండి, కొన్నరోజు నుంచి ఏడాది పాటు పనిచేస్తుంది అని. ఒంటారియో ఏడాది లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆ డిసెంబరు 31తో చెల్లిపోతుంది. నవంబరులో కొన్నా, జనవరిలో కొన్నా ధర ఒకటే. సిమ్కో మీద మంచు గట్టిపడి, చేపలు పట్టేవాళ్ల గుడిసెలు వెలిసేది కూడా సాధారణంగా జనవరిలోనే. కొనేదేదో అప్పుడే కొనండి.